అన్నీ ఎడమ చేతులే

కాలర్ల అమ్మాయి రెండు చేతులు తెచ్చి కటింగ్ బల్ల మీద పక్కపక్కన పరిచింది. కుట్టుపనివాళ్ళ మాటల్లో చేతులంటే చొక్కా చేతులే. తెల్లబట్ట, పొట్టి చేతులు, ఐదో తరగతి పిల్లల కొలత. పరిచి అక్కడే నిలబడింది.

కటింగక్క తలెత్తలేదు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, అవతల ఉన్న స్కూలు మేనేజరుకు సరేనండీ, అలాగేనండీ అని చెబుతూనే బట్ట మీద సుద్దతో గీత గీస్తోంది. రెండు వరసల కుట్టుమిషన్లు, గుండీల మిషను, ఇస్త్రీ బల్ల, వీధివైపు షట్టరు, ఆ షట్టరు మీది బోర్డు అన్నీ ఆమెవే. అయినా ఆమెను మేడమ్ అని పిలిచేవాళ్ళు లేరు. బట్ట కోసే మిషన్ను మొదటిరోజు నుంచీ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు గనక కటింగక్క అన్న పేరే స్థిరపడిపోయింది. ఇంటిదగ్గర పాలు పోసేవాడు కూడా అలాగే పిలుస్తాడు.

బడులు తెరిచేస్తే యూనిఫాంల పని అయిపోతుందని బయటివాళ్ళు అనుకుంటారు. అసలు తిప్పలు అప్పుడే మొదలవుతాయి. ఆలస్యంగా చేరిన పిల్లలు, రెండో జత అడిగేవాళ్ళు, సెలవుల్లో ఒక్కసారిగా పొడుగెదిగిన కొడుకును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, మీరే చిన్నది కుట్టారని దెబ్బలాడే తల్లులు. ఆ హడావుడి మధ్యలో ఈ మేనేజరు. తమ బడి శాఖలన్నిటికీ వచ్చే ఏడాది నుంచి ఆమే కుట్టాలని ఆయన పట్టు. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది. తీరా ఆయన అంటుంటే, పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుంది.

ఫోను పెట్టేశాక, "ఏంటి?" అంది.

"కుడి చేతులు ఏ మూటలో ఉన్నాయక్కా?"

"అందులోనే ఉంటాయి. సరిగ్గా చూడు."

"చూశాను. మూటలన్నీ విప్పాను. అన్నీ ఎడమ చేతులే."

మిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి. కటింగక్క వెళ్ళి తనే మూటలు విప్పింది. ఒక చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. పేకముక్కల్లా అన్నీ ఒకే వైపు వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి నూలుపోగు తేడా లేకుండా కూర్చున్నాయి. కోయడం మాత్రం అంత చక్కగా కోసింది.

బట్టను పొరలుగా పరిచేటప్పుడు ఒక పొర ముఖం, అంటే బట్ట మంచివైపు, పైకీ, దాని మీది పొర ముఖం కిందికీ ఉంచితే ఒక్క కోతకే ఎడమా కుడీ రెండూ వస్తాయి. అన్ని పొరలూ ముఖం పైకే ఉంచి ఒకే నమూనా పెట్టి కోస్తే ఒక వైపు చేతులే వస్తాయి. ఈ సంగతి ఆ కార్ఖానాలో ఊడ్చే మనిషికి కూడా తెలుసు.

కటింగక్క చూపు బల్ల ఆ చివరకు పోయింది. అక్కడ పిన్ని ఉంది. బట్ట పరిచేది ఆమే. వరసకు ఎవరికీ ఏమీ కాదు, కాని అందరికీ పిన్నే. పొర మీద పొర వేసి ఆమె లేపిన బట్టను మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే, దాని మీద అలా వాలిపోదామని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకని పరుపుల పిన్ని అని పేరు పెట్టారు.

"పరిచేటప్పుడు కళ్ళెక్కడ పెట్టుకున్నావు పిన్నీ?"

"పొద్దున నువ్వే కదమ్మా, ముఖం పైకే పరవమన్నావు," అంది పిన్ని, నెమ్మదిగానే.

"నేనా? నాకేం మతిపోయిందా? ఇన్నేళ్ళుగా పరుస్తున్నావు, చేతులకి ఎలా పరవాలో నీకు ఒకరు చెప్పాలా? కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చో. నీ మూలంగా వీళ్ళందరి కష్టం నీళ్ళపాలైంది."

గట్టిగా అరిచి కూడా అనలేదు. కొలతలు చెప్పినట్టు చెప్పింది.

పిన్ని, బట్ట జారకుండా పెట్టిన ఇనుప దిమ్మల్ని ఒకటొకటిగా తీసి, చప్పుడు కాకుండా బల్ల కింద వరసగా పెట్టింది. సగం పరిచిన పొరను అలా వదిలి వెళ్ళడం చేతకాక, అంచులు కలిపి, కింద గాలి నిలవకుండా అరచేత్తో ఆ కొస దాకా రాసింది. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంది. క్యారేజీ తీసుకుంది. చెప్పులేసుకునేటప్పుడు మాత్రం ఒక్కక్షణం గోడ పట్టుకోవలసి వచ్చింది. వెళ్ళిపోయింది.

కాలర్ల అమ్మాయి కటింగక్క కేసి ఒకసారి చూసి తన మిషను దగ్గరికి పోయింది. మళ్ళీ మోత మొదలైంది.

కటింగక్కకు భయం వేసింది అప్పుడే. అంత మాట అన్నాక లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. కోపం మిగలాలి, లేకపోతే బాధ కలగాలి. ఏదీ లేదు. వీధిలో నడిచిపోతూ, ఎవరో ఎవర్నో తిడుతుంటే విన్నట్టుంది. పోయిన ఏడాది ఇదే పిన్నికి జ్వరమొస్తే మందులు పట్టుకుని ఇంటికి వెళ్ళి తల దగ్గర కూర్చున్న మనిషి ఎవరా అనిపించింది.

పని ఆగకూడదు గనక కోత మిషన్ను చేతిలోకి తీసుకుంది. స్విచ్చు వేయగానే నిలువు బ్లేడు పైకీ కిందికీ ఆడసాగింది. దాన్ని గీత మీద ఆనించి ముందుకు తోయాలి. తోయలేకపోయింది. చెయ్యి వణకలేదు, నొప్పి లేదు. ముందుకు పొమ్మంటే పోలేదు, అంతే. ఆపేసి కొళాయి దగ్గరికి వెళ్ళింది. గోళ్ళలో సుద్ద ఎంత కడిగినా వదలడం లేదు. గోరుతో గోరు గీరుకుంటూ ఉండగా తన గొంతు తనకే వినబడింది. 'ముందు చొక్కా బాడీలు కోస్తాను పిన్నీ, ముఖం పైకే పరువు.' పొద్దున అన్న మాట. ఆ వెనకే ఫోను వచ్చింది. ఫోనులో మాట్లాడుతూనే, చేతులు కుట్టేవాళ్ళు ఖాళీగా ఉన్నారని చూసి, బాడీల నమూనా తీసేసి చేతుల నమూనా పెట్టింది. బట్ట ఎలా పరిచి ఉందన్నది మనసులోంచి జారిపోయింది.

కొళాయి కట్టేసింది. ఆ క్షణంలోనే బయటికి వెళ్ళి అందరి ముందూ ఈ మాట చెప్పవలసింది. చెప్పలేదు.

ఆ పూట ఇంట్లో భోజనాల దగ్గర కూతురు బడి కబుర్లు చెబుతోంది. ఏడో తరగతి పిల్ల. బడిలో వేసే నాటకానికి తనను తీసుకున్నారట. రాణి వేషం కాదట గాని, రాణి కన్నా ఎక్కువ మాటలుండే చెలికత్తె వేషమట. చెప్పడం అయిపోయి తల్లి ముఖంలోకి చూసింది.

"సైజెంత?" అంది కటింగక్క.

ఒకప్పుడైతే ఆ పిల్ల పడీపడీ నవ్వేది. ఇప్పుడు, "ఏం లేదులే," అని కంచం తీసుకుని లేచిపోయింది.

భర్త మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, మాటల్లో మహా పొదుపరి. ఆయన నోటి మాట కన్నా ఆయన బస్సు హారనే ఎక్కువ విన్నానని ఆమె వేళాకోళం చేస్తూ ఉండేది. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందంది. ఒంట్లో ఎలా ఉందో చూసుకుని చాలాకాలమైందన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున షట్టరు ముందు అందరూ నిలబడి ఉన్నారు, పిన్ని తప్ప. కటింగక్క సంచిలోంచి తాళాలు తీసింది. వంగి తాళం తీయడమే మిగిలింది. ఒళ్ళు వంగలేదు. పక్కనే ఉన్న కాలర్ల అమ్మాయి చేతిలో తాళాలు పెట్టి, నువ్వు తియ్యి, ఇప్పుడే వస్తానంది. ఆ అమ్మాయి, ఎవరి పసిబిడ్డనో తన చేతుల్లో పెట్టినట్టు తాళాల వంక చూసింది. ఎక్కడికక్కా అని అడిగేలోపే ఆమె వీధి మలుపు తిరిగింది.

మెయిన్ రోడ్డు మీద బస్టాపులో నిలబడింది. ఒక బస్సు పోయింది, ఇంకొకటి పోయింది. తను కాచుకున్నది భర్త నడిపే బస్సు కోసమని, అది వచ్చి ఎదురుగా ఆగితే గాని ఆమెకే తెలియలేదు. ఎక్కింది. కండక్టరు తెలిసినవాడే. "ఎక్కడికి వదినా?" అన్నాడు.

"చివరిదాకా."

డ్రైవరు తలపైనున్న అద్దంలో ఆయన కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్ళు ఒకసారి ఆమెను చూసి, రోడ్డు మీదికి తిరిగాయి. గేరు పడింది. ఆమె కిటికీకి తల ఆనించుకుంది. పాత బస్సు అదురు చెంపలోంచి పళ్ళ దాకా పాకుతోంది. పక్కన ఎవరో కూర్చున్నారు, లేచారు, ఇంకెవరో కూర్చున్నారు. తర్వాత సంగతి కండక్టరు చెబితే తెలిసింది. కూరగాయల సంచితో వచ్చిన ఒకావిడ భుజం మీద ఆమె తల వాలిపోయిందట. లేపడానికి మనసొప్పక ఆవిడ తన స్టాపు దాటిపోయి, తర్వాతి స్టాపులో మెల్లగా తల పక్కకి సర్ది దిగిందట.

ఆమె కళ్ళు తెరిచేసరికి బస్సులో ఎవరూ లేరు. ఇంజను ఆగి ఉంది. బస్సు ఆ చివరికీ ఈ చివరికీ ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. ముందు సీట్లో భర్త వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాడు. చేతుల్లో రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి ఎప్పుడో తెచ్చింది, మీగడ కట్టింది. దాన్ని తను ఉంచుకుని, వేడిది ఆమెకిచ్చాడు.

టీ తాగుతూ అంతా చెప్పింది. చేతుల సంగతి, పిన్ని సంగతి, కొళాయి దగ్గర గుర్తొచ్చిన సంగతి. తప్పు తనదే అంది. తన నోటితో తనే చెప్పి, ఆ పెద్దమనిషి నెత్తిన పెట్టానంది. అన్నాక కూడా ఏమీ అనిపించలేదని చెప్పేటప్పుడు మాత్రం గ్లాసులోకి చూస్తూ చెప్పింది.

ఆయన గ్లాసు ఖాళీ చేసి, అడుగున మిగిలినదాన్ని కిటికీలోంచి పారబోశాడు.

"డ్యూటీ దిగిన డ్రైవరు వెంటనే ఇంకో డ్యూటీ ఎక్కుతానంటే మా డిపోలో ఒప్పుకోరు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా సరే. నిద్ర చాలనివాడికి, తనకి నిద్ర చాల్లేదని తెలీదు. బాగానే ఉన్నానంటాడు. నువ్వు ఏడాదిగా బాగానే ఉన్నానంటున్నావు."

అన్ని మాటలు ఆయన ఒక్కసారిగా అనడం ఆమె చాలా కాలానికి విన్నది. సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తానంటే కాదనలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించింది, గుండె విన్నది, కళ్ళ కింద వేలితో లాగి చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పని లేకుండా చివరిసారి ఎప్పుడు కూర్చున్నారని అడిగింది. కటింగక్క నిజంగానే ఆలోచించి, కరెంటు పోయినప్పుడంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఇలా వచ్చే వ్యాపారస్తుల్ని చాలామందిని చూస్తున్నానంది. దీన్ని బద్ధకమని తిట్టుకోవద్దని, ఉన్న ఓపికంతా అడుగంటిందని, అది మందు బిళ్ళతో నిండేది కాదని చెప్పింది. కొన్నాళ్ళు పని మానమంది. ఆ తర్వాత కూడా తగ్గించుకోమంది. లేకపోతే ఒళ్ళే మానిపిస్తుందని, అప్పుడు మీ వీలు చూడదని కూడా అంది.

మొదటిరోజు ఆమె పడుకున్నదాన్ని నిద్ర అనడానికి లేదు. బావిలో రాయి పడ్డట్టు పడిపోయింది. రెండోరోజు మధ్యాహ్నం మెలకువ వచ్చి కప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. ఫోను పక్కనే ఉంది. మోగలేదు. కార్ఖానాలో దారం అయిపోయినా, సూది విరిగినా, ఇద్దరికి మాటామాటా వచ్చినా మోగే ఫోను అది. తను లేకపోతే అక్కడ ఒక్క పూట గడవదని ఎన్ని శుభకార్యాలకు వెళ్ళడం మానేసిందో, ఎంతమంది చుట్టాల చేత మాట పడిందో. అలాంటిది మోగకపోతే హాయిగా ఉండాలి. ఉండలేదు. ఎక్కడో సన్నటి ముల్లు గుచ్చుకుంది. గుచ్చుకున్నట్టు తెలిసినందుకు కొంచెం ఊరట కూడా కలిగింది. ఏదో ఒకటి తెలుస్తోంది కదా.

అలా పడుకుని ఉండగా చేతుల సంగతి దానంతటదే వచ్చి ముందు నిలబడింది. ఎడమ చేతులు పాడైపోలేదు. బట్టను ఈసారి అన్ని పొరలూ ముఖం కిందికి పరిచి, అదే నమూనా పెట్టి కోస్తే అన్నీ కుడి చేతులే వస్తాయి. అవీ ఇవీ కలిపితే జతలు. ఎక్కువైన చేతులు రేపటి ఆర్డరుకు పనికొస్తాయి. ఇంతే. ఇంత చిన్న ఆలోచన రాక, ఆ రోజు బల్ల దగ్గర కొంప మునిగినట్టు నిలబడి, పిన్నిని అన్ని మాటలంది. లేచి మంచం మీద కూర్చుని నవ్వింది. నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆగాక ఏడుపొచ్చింది. దాన్నీ ఆపలేదు.

ముఖం కడుక్కుని కాలర్ల అమ్మాయికి ఫోను చేసింది. గుక్కతిప్పుకోకుండా, బట్ట ఎలా పరవాలో, నమూనా ఎలా పెట్టాలో చెప్పుకుపోయింది.

అవతల మిషన్ల మోత వినబడుతోంది.

"అది నిన్ననే కోసేశామక్కా. కుట్టడం కూడా సగం అయింది."

"ఎవరు కోశారు?"

"నేనే. మీరుంటే మిషను ముట్టుకోనివ్వరు కదా."

కటింగక్క గోడకు ఆనుకుంది. "వేళ్ళు?" అంది.

"ఉన్నాయక్కా. పదీ ఉన్నాయి."

పిన్ని వచ్చిందా అని అడిగింది. రాలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని కొడుకూ కోడలూ అప్పటికే పనులకు వెళ్ళిపోయారు. మేడ మీద పిన్ని దుప్పట్లు ఉతికి బకెట్టు నిండా పెట్టుకుని ఉంది. కటింగక్కను చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమని కూడా అనలేదు. తడి దుప్పటి ఒకటి తీసి, ఒక కొస ఆమె వైపు చాచి, పట్టుకో అంది. ఇద్దరూ రెండు చివర్లా నిలబడి మెలితిప్పారు. నీళ్ళు ధారగా కారి ఇద్దరి కాళ్ళూ తడిశాయి.

"ముఖం పైకే పరవమని నేనే అన్నాను పిన్నీ," అంది కటింగక్క. "ఆ రోజే గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా నోరు మెదపలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నాకు చెవుడు లేదుగా. ఇంకో సంగతి కూడా చెబుతాను విను. నువ్వు బాడీల నమూనా తీసేసి చేతుల నమూనా పెట్టడం నేను చూశాను."

కటింగక్క చేతిలోంచి దుప్పటి కొస జారింది. నేల తాకేలోపు మళ్ళీ పట్టుకుంది. "చూసి కూడా చెప్పలేదా?"

"అడుగుదామనే అనుకున్నాను. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కానీ నిన్ను ఏదైనా రెండోసారి అడిగి ఎన్నాళ్ళైందో తెలుసా అమ్మా? అడిగితే కరుస్తున్నావు. అందుకని మానేశాం. నేనొక్కదాన్నే కాదు, అందరం. నువ్వు చెప్పింది తప్పని తెలిసినా, సరే అని చేసేస్తున్నాం. అది నాదీ తప్పే. అడిగి ఉండాల్సింది." పిన్ని దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి తీగ మీద వేసింది. "భయపడి ఊరుకున్నాను. ఈ వయసులో."

కటింగక్కకు అప్పుడు నొప్పి తెలిసింది. బల్ల దగ్గర రాని నొప్పి, ఇన్ని రోజులూ రాని నొప్పి, ఒక్కసారిగా వచ్చి గుండెల మీద కూర్చుంది. క్షమించమని అడిగింది. పిన్ని ఇంకో దుప్పటి తీసి మళ్ళీ కొస అందించింది.

"నువ్వు నన్ను తిట్టింది ఎక్కడ?"

"కార్ఖానాలో."

"మరి ఇక్కడికొచ్చి చెబితే ఈ దుప్పట్లు తప్ప ఎవరు వింటారు? అక్కడ చెప్పు. ఆ తర్వాత వస్తాను. అదీ వెంటనే కాదు, ఈ వారం పోనీ. నాకూ నడుం పట్టు కాస్త వదిలింది. అలిసిపోయింది నువ్వొక్కదానివే అనుకున్నావేంటి?"

కటింగక్క ఇంటికి వెళ్ళలేదు. మేడ దిగి, తడి కాళ్ళతో నేరుగా కార్ఖానాకు నడిచింది. ఆలస్యం చేస్తే నోరు మళ్ళీ మూసుకుపోతుందని ఆమెకు తెలుసు.

ఆమె లోపల అడుగు పెట్టగానే వీపులన్నీ నిటారుగా అయ్యాయి. ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరో అంటున్న మాట మధ్యలో తెగిపోయింది. ఇది రోజూ జరిగేదే అయి ఉండాలి. ఇవాళే కంటపడింది. మిషన్లు ఆపమంది. ఆపాక ఎక్కడ నిలబడాలో తోచక, చివరికి బట్ట పరిచే చోటుకే వెళ్ళి నిలబడింది.

"ఆ రోజు పిన్ని తప్పేం లేదు. అలా పరవమన్నది నేనే. తర్వాత నాకు గుర్తొచ్చింది, అయినా మీకు చెప్పలేదు. చెప్పాల్సింది."

వాళ్ళ ముఖాలు చూస్తే, ఇందులో ఒక్కరికీ కొత్త లేదని తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా ఆ రోజు తన ముందు మామూలుగా తిరిగారు. అది తలుచుకుంటే తిట్టినా బాగుండేదనిపించింది.

"ఇకనుంచి ఏ అనుమానమొచ్చినా రెండోసారి అడగండి," అంది.

గుండీల మిషను దగ్గరున్న ఆవిడ ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమన్నావక్కా?" అంది.

ఒకరెవరో ఫక్కుమన్నారు. ఇంకొకరు అందుకున్నారు. కటింగక్క కూడా నవ్వింది, కాని కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. అదే మాట మళ్ళీ చెప్పింది.

మధ్యాహ్నం కాలర్ల అమ్మాయి కోసిన కుడి చేతులు తీసి చూసింది. చంక దగ్గర వంపు ఒకచోట రవ్వంత లోపలికి పోయింది. కుట్టులో సర్దుకుంటుంది గాని, ఆమె కంటికి అది కొండంత. నోటిదాకా వచ్చినదాన్ని మింగి, ఆ అమ్మాయిని పిలిచి, వంపు తిరిగేటప్పుడు మిషన్ను కాకుండా మణికట్టును తిప్పాలని చేసి చూపించింది. తన ఉక్కు అల్లిక గ్లవ్వును తీసి ఆమె చేతికి తొడిగింది. వదులైంది. ఆమె కొలతకు ఒకటి తెప్పించాలంది. ఇకమీదట రోజులో సగం కోత ఆమెదేనని, జీతం కూడా కోతమనిషి జీతమేనని చెప్పింది. కాలర్ల అమ్మాయి, మరి కాలర్లు ఎవరు కుడతారని అడిగింది. అది తనకింకా తెలియదంది కటింగక్క.

మేనేజరు ఫోను ఆ రోజే వచ్చింది. ఈసారి ఆమె సుద్ద కింద పెట్టి, వీధిలోకి వెళ్ళి, ఫోనును చేత్తో పట్టుకుని మాట్లాడింది. ఇప్పుడు కుడుతున్న బడులకు కుడతానని, శాఖలన్నీ తీసుకోలేనని చెప్పింది. ఆయన ముందు నమ్మలేదు. తర్వాత, ఈ మాట కోసం ఇంకొకళ్ళు మా గుమ్మం ముందు కూర్చున్నారన్నాడు. వాళ్ళకే ఇవ్వండి అంది. ఆరోగ్యం బాగాలేదా అని అడిగాడు. బాగుచేసుకుంటున్నానంది. ఫోను పెట్టేశాక వెంటనే లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. ఎన్నాళ్ళుగానో కన్న కల. తేలిగ్గా ఏమీ లేదు. షట్టరు పక్కన మెట్టు మీద కూర్చుని, కాసేపు వచ్చేపోయేవాళ్ళను చూసి, లోపలికి వెళ్ళింది.

పిన్ని చెప్పినట్టే ఆ వారం పోనిచ్చి వచ్చింది. క్యారేజీ పెట్టింది, దిమ్మలు బల్ల మీదికి ఎత్తుకుంది. ముఖం పైకా, ముఖాముఖీనా అని అడిగింది. కటింగక్క ముఖాముఖీ అంది. బట్ట చుట్ట విప్పుతూ పిన్ని మళ్ళీ అదే అడిగింది. విసుగు వచ్చింది, వచ్చిన మాట నిజం. కటింగక్క బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వెళ్ళి, ముఖాముఖీ పిన్నీ అని మళ్ళీ చెప్పింది.

ఆ సాయంత్రం ఇంకా వెలుగుండగానే కార్ఖానా కాలర్ల అమ్మాయికి అప్పగించి బయటపడింది. వీధిలో ఎండ పసుపుపచ్చగా గోడల మీదికి ఎక్కుతోంది. ఆ వేళప్పుడు ఆ వీధి ఎలా ఉంటుందో ఆమె ఎరగదు. ఇంటికి వెళ్తే తోచదు. చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ నడిచి, కూతురి బడి దగ్గర తేలింది. గేటు బయట తల్లులూ తండ్రులూ తాతలూ గుంపుగా ఉన్నారు. వాళ్ళందరికీ ఒకరికొకరు తెలిసినట్టుంది. ఆమె ఒక పక్కగా నిలబడింది.

గంట కొట్టాక పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. కూతురు ఇద్దరు స్నేహితురాళ్ళతో నవ్వుతూ వస్తూ, తల్లిని చూసి ఆగిపోయింది. ముఖంలో రంగు మారింది. పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాన్నకేమైంది?"

"నాన్నకేం కాలేదు."

"మరెందుకొచ్చావు?"

"ఊరికే."

పిల్ల ఆమె ముఖం చూసింది, సంచి చూసింది, మళ్ళీ ముఖం చూసింది. ఆ మాట ఆ నోట ఎప్పుడూ విని ఉండలేదు. తను గేటు దగ్గర కనిపిస్తే ఎవరికో ఏదో ముంచుకొచ్చిందనే ఈ పిల్లకు తోచిందన్న సంగతి కటింగక్కకు అర్థమైంది.

ఇద్దరూ నడిచారు. పిల్ల రెండడుగుల ఎడంగా, ఓరకంట చూస్తూ నడిచింది. మలుపు తిరిగాక అడిగింది.

"రేపు కూడా వస్తావా?"

వస్తానన్న మాట నాలుక చివరకు వచ్చింది. కటింగక్క ఆగి, రేపటి పనేమిటో తలుచుకుంది.

"రేపు రాలేను. రేపు సరుకు పంపాలి. ఎల్లుండి వస్తాను."

పిల్ల ఆ మాటను కాసేపు మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. వస్తానన్న మాటలు ఇప్పటికి చాలానే విని ఉంది. రానని ఇంత సూటిగా చెప్పడం ఆమెకు కొత్త. బ్యాగును ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, తల్లికి ఆనుకుని నడవసాగింది. కొంత దూరం పోయాక, బెంచీలో తన పక్కన కూర్చునే అమ్మాయితో వచ్చిన గొడవ గురించి చెప్పడం మొదలుపెట్టింది. గొడవ నిన్నటిదే గాని, దాని మొదలు పోయిన ఏడాదిలో ఉందట. అది తెలియకపోతే ఇది అర్థం కాదట. చాలాసేపు పడుతుందట.

"చెప్పు," అంది కటింగక్క, నడక నెమ్మది చేసి.